ఎడమ చేతి గాజు

నా ఎడమ చెయ్యి వాచినప్పుడు అందరూ మొదట తప్పుపట్టింది గాజులనే. ఇంట్లోవాళ్ళు, వీధిలోవాళ్ళు, డయాలసిస్‌లో పక్క మంచాలవాళ్ళు, వీళ్ళందరికంటే ముందు నేను. పాపం వాటి తప్పేమీ లేదని తెలిసేసరికి చాలా రోజులు పట్టింది. తెలిశాక కూడా నాకు పూర్తిగా అర్థమైందని చెప్పలేను. చెయ్యి వాస్తే జబ్బు చేతిలో ఉండాలి గదా. ఛాతీలో ఎక్కడో ఉందంటే ఎవరు నమ్ముతారు?

మాది తోటపల్లిగూడూరు దాటాక, ఉప్పుగాలికి తలుపు గడియలు తుప్పుపట్టే ఊరు. మా ఆయన రొయ్యల గుంటలు చూసుకుంటాడు. నేను ఇంట్లో జాకెట్లు కుట్టేదాన్ని. కిడ్నీలు రెండూ చేతులెత్తేశాక రోజు మార్చి రోజు నెల్లూరు పోయి డయాలసిస్ చేయించుకుంటున్నాను. మిషను ఒక సూదిలోంచి రక్తం లాక్కుని, కడిగి, ఇంకో సూదిలోంచి తిరిగి ఇస్తుంది. దానికి మామూలు నరం సరిపోదట. అందుకని ఎడమ మోచేతి దగ్గర రెండు రక్తనాళాలను కలిపి కుట్టారు. దాన్ని ఫిస్టులా అంటారు, మేం మాత్రం లైను అంటాం. ఆ చోట వేలు పెడితే లోపల జుమ్ముమంటుంది. ఆ జుమ్ము ఉంటేనే డయాలసిస్, డయాలసిస్ ఉంటేనే నేను. మా ఆయన పొద్దున్నే గుంటల మీదికి పోయేముందు నా చెయ్యి పట్టుకుని చూసిపోతాడు. పెళ్ళయిన కొత్తలో కూడా ఆయన నా చెయ్యి అంత శ్రద్ధగా పట్టుకున్నది లేదు.

లైను ఉన్న చేతికి ఆంక్షలు చాలా ఉంటాయి. బరువు ఎత్తకూడదు, ఆ చెయ్యి కింద పెట్టుకుని పడుకోకూడదు, బీపీ పట్టీ కట్టించుకోకూడదు. గాజులు, వాచీ అసలు వద్దు. అందుకని కుడి చేతికి మట్టిగాజులు, ఎడమ చెయ్యి బోడి. మొదట్లో ఎవరైనా చూస్తారేమోనని కొంగు కప్పుకునేదాన్ని. తర్వాత అలవాటైపోయింది.

మా పాప సీమంతం బుచ్చిరెడ్డిపాలెంలో వాళ్ళ అత్తగారింట్లో చేశారు. కడుపుతో ఉన్నదానికి ముత్తయిదువలు గాజులు తొడగడం, వచ్చిన ఆడవాళ్ళందరికీ కూడా గాజులు వేయించడం మా వైపు రివాజు. గాజులావిడ చాప మీద కూర్చుని ఒక్కొక్కరి చెయ్యి నొక్కి, సైజు చూసి, ఎక్కించేస్తోంది. నా వంతు వచ్చింది. కుడి చెయ్యి చాపాను. రెండోది కూడా పెట్టమంది. నేను తటపటాయిస్తుంటే మా పాప పీట మీద నుంచే అంది, "ఈ ఒక్క పూటకి ఏసుకోమ్మా. రెండు చేతులూ నిండుగా ఉంటే సూడాలని ఉండాది నాకు."

నాకూ ఉంది, అబద్ధమెందుకు. పెద్ద సైజు అడిగి, రెండు చేతులకూ ఆకుపచ్చవి, వదులుగా వేయించుకున్నాను. ఒక్క పూట అనుకున్నవి చాలా రోజులు ఉండిపోయాయి. సీమంతం గాజులు ఊరికే తీసేయకూడదు, వాటంతటవే పోవాలని వియ్యపురాలు చెప్పింది. వాటిని చేతికి ఉంచుకునే మా పాపను పురిటికి మా ఇంటికి తెచ్చుకున్నాం.

తర్వాత కొన్నాళ్ళకు పొద్దున లేచేసరికి వేళ్ళు బిరుసుగా ఉన్నాయి. మరుసటి వారానికి గాజులు మణికట్టు దగ్గర ఇరుక్కుపోయాయి. చెయ్యి మునక్కాయలా ఉండేది కాస్తా సొరకాయ అయింది. మా ఆయన గుంటల దగ్గర తీగలు కత్తిరించే కటింగ్ ప్లేయరు తెచ్చి, గుడ్డ కప్పి, ఒక్కొక్కటే చిట్లగొట్టాడు. ఆయన గుడ్డ కింద ఏం చేస్తున్నదీ చూడలేక మొహం గోడవైపు తిప్పుకున్నాను. పక్క గదిలో మా పాప ఏడుస్తోంది. "నేనే ఏసుకోమన్నా. నోరు మూసుకోనుంటే పొయ్యేది." కడుపుతో ఉన్నది అట్లా ఏడుస్తుంటే నా చెయ్యి సంగతే మరిచిపోయాను.

గాజులు పోయాయి గానీ వాపు పోలేదు. పైగా భుజం దాకా ఎక్కింది. ఇక సలహాలు మొదలయ్యాయి. గాజు గీరుకుని లోపల చీము పట్టిందని ఊళ్ళో ఆర్.ఎం.పి. డాక్టరు మందుబిళ్ళలు ఇచ్చాడు. నీళ్ళు ఎక్కువ తాగుతున్నానని డయాలసిస్ టెక్నీషియన్ అన్నాడు. నేనా? మజ్జిగ కూడా గ్లాసు అడుగున పోసుకుని చప్పరించే మనిషిని. అయినా నోరెండబెట్టుకున్నాను. వాళ్ళు మిషను మీద ఇంకొంచెం నీరు తీయడం మొదలుపెట్టారు. బీపీ పడిపోయి, పిక్కలు పట్టేసి, నన్ను మంచం మీద నుంచి చాపలాగా చుట్టి ఆటో ఎక్కించాల్సి వచ్చేది. ఒళ్ళంతా ఎండిపోయింది, చెయ్యి మాత్రం అట్లాగే ఉంది. వాపంటే నీరే అయితే మిగతా ఒంట్లో ఎందుకు లేదో నాకు ఎంత ఆలోచించినా అంతుబట్టలేదు. టెక్నీషియన్‌ను అడిగితే, "కొందరికి అట్టా ఉంటాదిలే అక్కా" అన్నాడు. నాకు ఒళ్ళు మండింది. ఏ సంగతి తెలియకపోయినా ఆ ఒక్క మాట చాలు వీళ్ళకి.

మా ఆయనకు మాత్రం ఒక ధైర్యం ఉండేది. పొద్దున్నే చెయ్యి పట్టుకుని, "ఎప్పుడూ లేనంత గట్టిగా కొట్టుకుంటుండాది మే. లైను బెమ్మాండంగా ఉండాది. వాపు ఇయ్యాల కాకపోతే రేపు పోతాది" అనేవాడు. నేను కూడా వేలు పెట్టి చూసేదాన్ని. నిజమే, ఇదివరకటి జుమ్ము పోయి డబ్ డబ్ అని తన్నుతోంది. బలంగా ఉంది కాబట్టి మంచిదే అనుకున్నాం. బలంగా కొట్టుకోవడం కూడా చెడ్డ గుర్తు కావచ్చని మాకెట్లా తెలుస్తుంది? డయాలసిస్ అయ్యాక సూదులు తీస్తే రక్తం ఆగడానికి ఇదివరకటికంటే చాలాసేపు పడుతోంది. దానికీ గాజులే కారణం అనుకున్నాం. గాజులకూ దానికీ ఏం పొత్తు అని ఒక్కరం కూడా అనుకోలేదు.

జాకెట్టు చెయ్యి పట్టకపోతే కుట్లు విప్పి, పక్కన ఇంకో ముక్క అతికాను. అదీ పట్టక చివరికి ఎడమ చెయ్యి మొత్తం కత్తిరించేశాను. ఊరందరికీ కొలతలు తీసేదాన్ని, నా చేతికి కొలత దొరకలేదు. ఆ రోజు మా పాప నా వీపు వెనక హుక్కులు పెడుతూ ఆగిపోయింది.

"అమ్మా, ఇక్కడ నరాలేంది ఇట్టా తేలినాయి?"

అద్దంలో చూసుకున్నాను. ఎడమ భుజం మీదా, ఛాతీ మీదా పచ్చగా నరాలు తేలి, ఒకదాన్లో ఒకటి కలుస్తూ పోతున్నాయి. నా ఒళ్ళేనా అనిపించింది. అప్పటిదాకా అయోమయంగా ఉండింది, ఆ రోజు భయం వేసింది.

నెల్లూరులో కిడ్నీ డాక్టరు ఆ నరాలు చూడగానే చెయ్యి వదిలేసి మెడ కింద వెతకడం మొదలుపెట్టాడు. ఎడమవైపు, అడ్డంగా ఉండే ఎముక కింద, చిన్న మచ్చ ఒకటి ఉంది.

"ఇక్కడ ఎప్పుడన్నా గొట్టం వేశారామ్మా?"

వేశారు. మొట్టమొదట ఆయాసంతో పడిపోయినప్పుడు ఇంకా లైను లేదు. కుడివైపు మెడలో గొట్టం పెట్టి డయాలసిస్ చేశారు. అది చీము పట్టి చలిజ్వరం వస్తే తీసేసి, ఎడమవైపు ఎముక కింద ఇంకొకటి పెట్టారు. చేతి లైను పనికొచ్చేదాకా అదే నన్ను బతికించింది. గొట్టం తీసేశాక దాన్ని మరిచిపోయాను.

ఆ గొట్టం లోపల రాసుకున్న చోట నరం గోడ మందమెక్కి, లోపలి దారి మెల్లమెల్లగా సన్నబడి, ఇప్పుడు మూసుకుపోతోందట. చేతి నుంచి రక్తమంతా ఛాతీలోని ఆ పెద్ద నరంలోంచే గుండెకు పోవాలి. ఫిస్టులా వల్ల చేతిలోకి మామూలు కంటే చాలా ఎక్కువ రక్తం వస్తోంది, పోవడానికి దారి లేదు. అందుకే వాపు, అందుకే ఆ తన్నడం, అందుకే పైకి తేలిన నరాలు.

"అయితే గాజుల వల్ల కాదా?" అన్నాను.

"ఏ గాజులు?" అన్నాడు డాక్టరు.

బయటికొచ్చాక మా ఆయన తన లెక్కలో నాకు విడమరిచి చెప్పాడు. "గుంటలోకి మోటారు నీళ్ళు తోడతానే ఉండాది. బయటికి పొయ్యే తూములో బురద పడింది. గట్టు ఉబ్బదా మరి?"

"అయితే నేనిప్పుడు రొయ్యల గుంటనా?"

"గుంటైతే ఎప్పుడో ఎండగట్టి బాగుచేసుండేవాణ్ణి" అన్నాడు. నవ్వాను. నన్ను బతికించిన గొట్టమే ఇప్పుడు నా దారి మూసేస్తోందంటే, దాన్ని తిట్టుకోవాలా, దండం పెట్టుకోవాలా? గాజులను తిట్టుకున్నన్నాళ్ళు హాయిగా ఉండేది. వాటికి నా మీద కోపం రాదు, నాకు వాటి మీద జాలి లేదు.

ఆ తర్వాతది అసలైన తికమక. నెల్లూరులోనే ఆపరేషన్ చేసే పెద్ద డాక్టరు ఒకాయన చెయ్యి చూసి, ఫిస్టులా కట్టేద్దాం అన్నాడు. కట్టేస్తే చేతిలోకి అంత రక్తం రాదు, కొద్ది రోజుల్లోనే వాపు దిగిపోతుంది, మీ బాధ తీరుతుంది. కుడి చేతికి కొత్త లైను చేద్దాం, అది తయారయ్యేదాకా మెడలో గొట్టం పెడదాం. ఆయన మాటలో తప్పేమీ కనబడలేదు. సరే అనబోయాను. మళ్ళీ గొట్టం. అసలీ జబ్బు వచ్చిందే గొట్టం వల్ల గదా అంటే, అవును, కానీ ఇంకో దారి లేదన్నాడు.

కిడ్నీ డాక్టరు మాత్రం తొందరపడొద్దన్నాడు. మద్రాసులో చేతి నరంలోంచే సన్నటి తీగ పంపి, మూసుకున్న చోట బెలూన్ ఊది తెరుస్తారు, లైను దక్కుతుంది అన్నాడు. నా ప్రాణం లేచి వచ్చింది. వెంటనే, "కానీ మళ్ళీ సన్నబడొచ్చు. మళ్ళీ ఊదాల్సి రావచ్చు. తీగ దూరకపోనూవచ్చు" అన్నాడు. లేచిన ప్రాణం మళ్ళీ కూర్చుంది.

ఇద్దరూ చదువుకున్నవాళ్ళే, ఇద్దరూ నా మేలు కోరినవాళ్ళే. ఒకాయన మూసేద్దామంటాడు, ఇంకొకాయన తెరుద్దామంటాడు. ఎవరి గదిలో కూర్చుంటే వాళ్ళ మాటే నిజమనిపించేది. ఆటోలో ఇంటికొచ్చేలోపు రెండూ అబద్ధమనిపించేవి.

మద్రాసుకే పోవాలని నేను ఎందుకు తేల్చుకున్నానో మా ఆయనకు కూడా సరిగ్గా చెప్పలేదు. మెడలో గొట్టం ఉంటే అక్కడ నీటి చుక్క తగలకూడదు. మొదటిసారి గొట్టం ఉన్నప్పుడు తలస్నానం లేకుండా ఎన్ని వారాలు గడిపానో నాకు తెలుసు. మా పాపకు నెలలు నిండుతున్నాయి. పుట్టబోయే బిడ్డకు లాల పోయాలి. పీట మీద కాళ్ళు బారజాపి కూర్చుని, బిడ్డను కాళ్ళ మీద బోర్లా పడుకోబెట్టి, నూనె పట్టించి, ముక్కూ తలా సాగదీసి, చెంబులతో వేన్నీళ్ళు పోయాలి. దానికి రెండు చేతులు కావాలి, నీళ్ళంటే జంకు లేని ఒళ్ళు కావాలి. మా పాపకు మా అమ్మ పోసింది. నాకు మా అమ్మమ్మ పోసింది. ఈ కారణం డాక్టర్లతో చెప్పడానికి సిగ్గేసింది. ప్రాణం మీదికొస్తే ఈమెకు లాల కావాలంట అనుకుంటారు. అయినా మద్రాసులో, బెలూన్ వేసే డాక్టరు ఎందుకు కట్టించుకోలేదని అడిగినప్పుడు, నోరు జారి అదే చెప్పాను. ఆయనకు తెలుగు కొంచెం కొంచెం వచ్చు. లాల అర్థం కాలేదు. పక్కనున్న నర్సు, గూడూరు పిల్ల, అరవంలో చెప్పింది. ఆయన తలూపి, "ట్రై చేద్దాం. ప్రామిస్ మాత్రం చెయ్యలేను" అన్నాడు.

మత్తు చెయ్యి వరకే ఇచ్చారు. మెలకువగానే ఉన్నాను. పైన తెర మీద నా ఛాతీ బూడిదరంగులో కనబడుతోంది. మందు ఎక్కించినప్పుడు లోపల వెచ్చగా పాకింది. తెర మీద నల్లటి ధార ఒకటి భుజం దాకా వచ్చి, ఠక్కున ఆగి, చుట్టుపక్కల సన్నటి పాయలుగా చీలిపోయింది. తీగ అక్కడికి పోయి ఆగింది. వెనక్కి లాగారు, మళ్ళీ పంపారు. వాళ్ళు అరవంలో మాట్లాడుకుంటున్నారు. దూరిందంటున్నారో, దూరలేదంటున్నారో తెలియదు. గూడూరు పిల్ల మొహం చూద్దామంటే మాస్కు. ఒకసారి అందరూ మాటలు ఆపేశారు. అయిపోయింది, లైను పోయింది అనుకున్నాను. బిడ్డకు వియ్యపురాలు లాల పోస్తుందిలే, ఆమె చేతులు మంచివే అని సర్దిచెప్పుకున్నాను. ఏడుపొచ్చింది. కదలకూడదన్నారు కాబట్టి కదలకుండా ఏడ్చాను.

అప్పుడు ఎముక కింద ఎవరో బొటనవేలు పెట్టి లోపలి నుంచి నొక్కినట్టు నొప్పి. "బెలూన్ ఊదుతున్నారక్కా, ఊపిరి తీసుకో" అంది గూడూరు పిల్ల. తీగ దూరిందన్నమాట. అంత నొప్పిలోనూ ఆ మాట విని, ఇంకొంచెం ఊదమని చెప్పాలనిపించింది.

రెండో రోజుకు వేళ్ళ మీద ముడతలు కనబడ్డాయి. నా చేతి ముడతలు చూసి నేను సంతోషపడటం అదే మొదటిసారి. వారం తిరిగేసరికి జాకెట్టు చెయ్యి మళ్ళీ అతికాను. లైను మీద వేలు పెడితే తన్నడం లేదు, జుమ్ముమంటోంది. మా ఆయన పట్టుకుని చూసి, ఈసారి బెమ్మాండం అనలేదు. ఇది మంచిదా చెడ్డదా అని నా మొహం వైపు చూశాడు.

మనవరాలు పుట్టింది. బొడ్డూడాక పీట వేసుకుని కూర్చున్నాను. మొదటి చెంబు పోసినప్పుడు అది ఊరంతా వినబడేలా ఏడ్చింది. నాకంటే సుఖపడిన మనిషి ఆ పూట జిల్లాలో ఎవరూ ఉండరు.

రోజూ చెయ్యి చూసుకోమని, వాపు మొదలైతే వెంటనే రమ్మని మద్రాసులో చెప్పి పంపారు. వాపు మొదలైందని ఎట్లా తెలుస్తుంది? రోజూ చూసే చెయ్యి ఎప్పుడూ నిన్నటిలాగే కనబడుతుంది. మా ఆయన లావుగా ఉందంటాడు, మా పాప లేదంటుంది, టేపు పెట్టి కొలిస్తే పొద్దున ఒకటి చెబుతుంది, సాయంత్రం ఇంకొకటి. అప్పుడు నాకు సీమంతం గాజులు గుర్తొచ్చాయి. కుడి చేతివి ఇంకా ఉన్నాయి, అదే సైజు. ఒకటి తీసి మా పాపకిచ్చాను. "రోజూ పొద్దున్నే ఎడమ చేతికి ఎక్కించి, తీసెయ్. ఎక్కితే లాల. ఎక్కకపోతే మద్రాసు."

అది గాజు ముట్టుకోలేదు. "ఆ పాడు గాజు నీ చేతికి మళ్ళా నేను ఎయ్యను."

"గాజుల వల్ల కాదని డాక్టరు చెప్పినాడు గదే."

"చెప్పినాడు. అయినా ఎయ్యను."

అప్పుడు దాని చేతులు చూశాను. రెండూ బోడిగా ఉన్నాయి. సీమంతానికి మోచేతుల దాకా తొడిగినవన్నీ ఎప్పుడు తీసేసిందో, నేను గమనించనే లేదు. బాలింతవి, చేతులు అట్లా ఉంచుకోకూడదంటే పిల్లకు గీరుకుంటాయంది. రెండు రోజులు అలిగినట్టు ఉండి, మూడో రోజు తనే వచ్చి నా వేళ్ళు దగ్గరికి మడిచి, గాజు ఎక్కించింది. జారిపోయింది. గబుక్కున తీసేసింది, కాలుతున్నట్టు.

అట్లా కొన్ని నెలలు గడిచాయి. పొద్దున గాజు, తర్వాత లాల, తర్వాత సాంబ్రాణి పొగ.

మొన్న ఒక పొద్దున గాజు వేలి కణుపుల దగ్గర కొంచెం పట్టింది. ముందురోజు ఉప్పుచేప తిన్నాను, దానివల్లే అన్నాను. మా పాప గాజు తీసి, నా చెయ్యి తిప్పి చూసింది. మరుసటి రోజు అది లేవకముందే బాత్రూములోకి పోయి, చేతికి సబ్బు రుద్దుకుని, పైపైన తుడుచుకుని వచ్చాను. గాజు ఎక్కింది. ఇంతకీ నాది వాపా, ఉప్పుచేపా, పడుకున్న తీరా, నాకు నిజంగా తెలియదు. తెలుసుకోవాలనీ లేదు. ఈసారి తీగ దూరకపోతే లైను కట్టేస్తారు, మెడలో గొట్టం పెడతారు, పీట వియ్యపురాలి కిందికి పోతుంది. నాకు ఆ ఒక్కటే కనబడుతోంది.

ఈ పొద్దున కూడా సబ్బు పెట్టుకున్నాను. మా పాప నా చెయ్యి పట్టుకుని, వేళ్ళు మడవబోయి ఆగింది. బొటనవేలితో నా అరచెయ్యి రుద్ది చూసింది. తువ్వాలు తెచ్చి, బిడ్డను తుడిచినట్టు వేలివేలికీ మధ్య తుడిచింది. తర్వాత గాజు పెట్టింది. కణుపుల దగ్గర ఆగిపోయింది. ఇంకొంచెం నెట్టమన్నాను. నెట్టలేదు.

"రేపు మద్రాసు పోదామమ్మా."

"పోదాంలే. కాగులో నీళ్ళు చల్లారిపోతుండాయి. ముందు బిడ్డని పడుకోబెట్టు."

నన్ను కోప్పడుతుందనుకున్నాను. కాళ్ళు చాపుకునేలోపు బిడ్డను తెచ్చి నా కాళ్ళ మీద పడుకోబెట్టింది. నా పక్కనే ఇంకో పీట వేసుకుని కూర్చుంది. గాజు ఇంకా దాని వేళ్ళ మధ్యే ఉంది. ఎక్కడ పెట్టాలో తెలియనట్టు ఒక్క క్షణం చూసి, తన బోడి చేతికి తొడుక్కుని, చెంబు అందుకుంది.